గట్టు మీద ఇప్పచెట్టు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. చేను గట్టు మీద మా మామగారి కాలం నాటి ఇప్పచెట్టు ఉంది. చేత్తో కొలిస్తే మొద్దు చుట్టూ నాలుగున్నర మూరలు వచ్చింది. దాన్ని కొట్టేసి ఆ ఎకరంలో జామాయిల్ పెడదామని మా అబ్బాయి అంటున్నాడు. చెట్లు పీల్చుకునే కార్బన్‌కు కంపెనీలు ఇచ్చే కార్బన్ డబ్బులు వస్తాయని ఊరికొచ్చిన ఒక ఏజెంటు చెప్పాడట. 2070 కల్లా దేశం నెట్ జీరో కావాలంటే మొక్కలు నాటాలని టీవీలో నేనూ విన్నాను. పాత చెట్టు కంటే కొత్త మొక్కలే మేలా?
– ఒక మహిళా రైతు, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ గొడ్డలి ఆపండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నెట్ జీరో అంటే మన చెరువు లెక్కే. వాగు నుంచి వచ్చే నీళ్లు, తూము నుంచి పోయే నీళ్లు సమానమైతే చెరువు మట్టం పెరగదు. గాలిలోకి మనం వదిలే పొగ వాగు. దాన్ని పీల్చుకునే అడవి, చెట్లు, నేల తూము. రెండూ సమానం కావడానికి మన దేశం పెట్టుకున్న గడువు 2070. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని ఆ మాట ప్రకటించారు.

ఇప్పుడు వాగు ఎంత, తూము ఎంత? ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదిక ప్రకారం 2020లో మనం వదిలినది దాదాపు 296 కోట్ల టన్నులు. అడవులు, చెట్లు, నేలలు కలిసి పట్టుకున్నది 52 కోట్ల టన్నులు. వదిలిన దాంట్లో నాలుగింట మూడు వంతులు కరెంటు, ఇంధనాల నుంచి వచ్చిందే. ఎన్ని మొక్కలు నాటినా వాగు తగ్గకపోతే మత్తడి దూకక తప్పదు.

మీ చెట్టుతోనే చూద్దాం. హనుమకొండలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పాను. ఏటా పిల్లల్ని పాకాల అడవికి తీసుకెళ్లి టేపుతో చెట్లు కొలిపించేదాన్ని. నాలుగున్నర మూరలంటే రెండు మీటర్లు. పద్నాలుగు మీటర్ల ఎత్తున్న అలాంటి చెట్టు ఎండు బరువు ఇంచుమించు రెండు టన్నులు. అందులో సగం కార్బన్, అంటే ఒక టన్ను. అది గాలిలో ఉన్నప్పుడు మూడున్నర టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు. మీ మామగారి కాలం నుంచి ఆ చెట్టు మూటగట్టింది అదంతా.

ఇంకో పక్క, భూపాలపల్లి దగ్గర చెల్పూరు థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లది. పూర్తిగా నడిస్తే గంటకు ఇంచుమించు వెయ్యి టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అంటే మీ ఇప్పచెట్టు లాంటివి దాదాపు 280 చెట్లు జీవితమంతా దాచుకున్నది గంటలో పైకి పోతుంది. ఈ లెక్క మొదటిసారి వేసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే బొగ్గు తగ్గించే పని వదిలేసి భారమంతా చెట్టు మీద వేస్తే నేను ఒప్పుకోను.

జామాయిల్ సంగతి. కాగితం మిల్లు కోసం వేస్తే నాలుగైదేళ్లకోసారి కొడతారు. కాగితం కాలినా కుళ్లినా అందులోని కార్బన్ మళ్లీ గాలిలోకే. రైతుకు నాలుగు డబ్బులు వస్తే మంచిదే, నేను కాదనను. కానీ ఇప్పను కొట్టి మొదలుపెడితే మీరు మూడున్నర టన్నుల అప్పుతో మొదలుపెట్టినట్టు. పైగా చెట్టు మీ సొంతమే అయినా కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందు అనుమతి కావాలి.

(దేశంలో అడవి విస్తీర్ణం లెక్క వేసేటప్పుడు హెక్టారుకు మించిన నేలలో పది శాతానికి పైగా చెట్ల నీడ ఉంటే మామిడి తోటా జామాయిల్ తోటా కూడా అందులో కలుస్తాయి. నాకు నచ్చని పద్ధతి. పాకాల అడవి, జామాయిల్ తోట ఒకటెలా అవుతాయి?)

ఏజెంటును మూడు మాటలు అడగమని మీ అబ్బాయికి చెప్పండి. ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో చెట్లు కొట్టుకోవచ్చా? చెట్లు ఎవరు కొలుస్తారు? గాలివానకు పడిపోతే, కాలిపోతే నష్టం ఎవరిది? కాగితం మీద జవాబు రాకపోతే సంతకం వద్దు, ముందు డబ్బు కట్టడం అసలే వద్దు.

మూడో మాట ఎందుకంటున్నానంటే, 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి అడవిలో గాలి విరుచుకుపడి వేలాది చెట్లు నేలకొరిగాయి. పది రోజుల తర్వాత మేడారం దారిలో వెళ్లాను. ఒక నల్లమద్ది వేళ్లతో సహా లేచి పడి ఉంది. వేరుముద్ద నా తల కంటే ఎత్తు. దానికి పట్టుకున్న ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. ఆ మొద్దులన్నీ కుళ్లే కొద్దీ దాచుకున్నది మెల్లగా గాలిలోకి పోతుంది. చెట్టులో దాచిన కార్బన్ ఎప్పుడైనా బయటికి రావచ్చు, నేలలో బొగ్గు మాత్రం తవ్వితేనే వస్తుంది.

జామాయిల్ పెట్టాలనే ఉంటే ఇప్పకు దూరంగా, చేను అవతలి పక్క పెట్టుకోండి. మిగతా గట్ల మీద వేప, కానుగ నాటండి. మూడు వేసవులు మీరే నీళ్లు పోయగలిగినన్నే నాటండి, పది చాలు. ఇప్ప మొదట్లో చెత్త కాల్చనివ్వకండి. పువ్వు ఏరుకోవడానికి ఆకులు తగలబెట్టడం మన దగ్గర అలవాటు, దాంతో మొద్దు కాలి తొర్ర పడుతుంది. బదులుగా కింద పాత చీర పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది.

ఈసారి మూరతో కాకుండా పొడవాటి టేపుతో, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కొలవండి. మొద్దు మీద అక్కడే సున్నంతో గీత పెట్టి, వచ్చే ఉగాదికి మళ్లీ అదే గీత మీద కొలిచి నాకు రాయండి.