నేపథ్యంలో ఏం జరిగింది? నాటకాలను ఆటలుగా మలచడంపై పాఠకుల ప్రశ్నలు

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో సాహసికుడి పాత్ర తీసుకుని, గేమ్ మాస్టర్ వర్ణించే కల్పిత లోకంలో మాటలతోనూ పాచికలతోనూ కథ నడిపించే రోల్‌ప్లేయింగ్ ఆటలకు 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’తో శ్రీకారం చుట్టినట్టయింది. పాత నాటకాలను ఇలాంటి ఆటలకు ఇతివృత్తాలుగా మార్చుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: ‘మాక్బెత్’ను ఒక మాంత్రిక రాజ్యపు కథగా మార్చి మిత్రులతో ఆడించాను. వారంతా రాజుగారి అంగరక్షకులు. విందు రాత్రి సామంతుడి మీద అనుమానం వచ్చి, రాజును వేరే గదిలో పడుకోబెట్టి, ఆయన మంచం మీద తామే కత్తులు పట్టుకుని పడుకున్నారు. హత్య జరగలేదు, సామంతుడు దొరికిపోయాడు, నేను రాసుకున్న తరువాతి మూడు అంకాలూ వృథా అయ్యాయి. ఇలాంటప్పుడు ఆటను మళ్లీ కథ దారిలోకి తేవడం ఎలా?

జవాబు: తేనక్కర లేదు. మీ మిత్రులు ఆ రాత్రి చేసినదానికంటే తెలివైన పని ఇంకొకటి ఉండదు. వారిని అంగరక్షకులుగా నిలబెట్టింది మీరే కదా. నాటకంలో డంకన్ రాజు తన సామంతుడైన మాక్బెత్ కోటలోంచి ప్రాణాలతో బయటపడడని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది, అయినా కుర్చీలోంచి లేచి వెళ్లి హెచ్చరించలేడు. నాటకపు బిగువంతా ఆ నిస్సహాయతలోనే ఉంది. ఆట బల్ల దగ్గర ప్రేక్షకుడంటూ ఎవరూ ఉండరు, ప్రమాదం పసిగట్టినవాడు చేతులు కట్టుకుని కూర్చోడు. అక్కడ ‘రాజు చావాల్సిందే’ అని మీరు పట్టుబడితే, తలుపులకు వాటంతటవే గడియలు పడతాయి, కాపలావాళ్లు ఉన్నట్టుండి గుర్రు పెడతారు, తాము పట్టాల మీద పోతున్న రైల్లో ప్రయాణికులమని ఆటగాళ్లకు పది నిమిషాల్లో అర్థమైపోతుంది.

నాటకాన్ని ఆటగా మలచబోయే ముందు నేను చూసేది, వేదిక మీద చూపకుండా నేపథ్యంలో జరిగినట్టు చెప్పి వదిలేసిన సంఘటనలను. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపక, ప్రవేశకాలనే చిన్న మధ్య దృశ్యాల ద్వారా తెలియజేయాలని నాట్యశాస్త్రం నియమం పెట్టింది. గ్రీకు విషాద నాటకాల్లోనూ ఘోరాలు చాలావరకు లోపలెక్కడో జరిగిపోయాక వార్తాహరుడు వచ్చి వర్ణిస్తాడు. ‘హామ్లెట్’లో నడిసముద్రం మీద దొంగల ఓడ చేసిన దాడి మొత్తం ఒక ఉత్తరంలో నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. యుద్ధాలు, ముట్టడులు, ఓడ మీద దాడులు: రంగస్థలం మోయలేక పక్కన పెట్టిన బరువులన్నీ ఇవి. ఆట బల్లకు అవి బరువే కావు, ఎందుకంటే అక్కడ సైన్యాన్ని నిలబెట్టడానికి ఒక వాక్యం చాలు.

మీ నాటకాన్నే తీసుకోండి. తన తోటి సేనాని బాంకోను చంపడానికి మాక్బెత్ మాట్లాడుకున్న హంతకులు ఇద్దరే అయినా, కాపు వేసిన చోటికి మూడోవాడొకడు వచ్చి చేరుతాడు. వాడెవడో చివరిదాకా బయటపడదు. బాంకో సంతతి రాజులవుతుందని మంత్రగత్తెలు చెప్పి ఉన్నారు. ఆ రాత్రి బాంకో చనిపోతాడు, కొడుకు ఫ్లియాన్స్ చీకట్లో తప్పించుకుంటాడు, ఆపైన ఆ కుర్రవాడు మళ్లీ వేదిక మీద కనిపించడు. అంటే షేక్స్పియర్ ఒక హంతకుడినీ, ఒక వారసుడినీ మీ కోసం అట్టే వదిలిపెట్టాడన్నమాట. డంకన్ హత్య ఆట మొదలయ్యే నాటికే జరిగిపోయి ఉండాలి. మీ ఆటగాళ్లు అడవి దారిన పోతుంటే, రొప్పుతూ పరిగెత్తుకొచ్చిన కుర్రవాడొకడు ఎదురవుతాడు, వెనక దూరంగా కాగడాలు కనిపిస్తాయి. వాళ్లు ఏ నిర్ణయం తీసుకున్నా మీ నోట్సులో ఒక్క కాగితం కూడా వృథా పోదు.

ఇప్పటికే ఆగిపోయిన ఆట సంగతికొస్తే, సామంతుడు చెరసాలలో ఉన్నాడు, జోస్యం మాత్రం బయటే తిరుగుతోంది. ఖైదీయే కాబోయే రాజు అని కాపలావాళ్లు నమ్మడం మొదలుపెడితే చాలు, మీకు ఇంకో నాలుగు సెషన్లు గడిచిపోతాయి.

ప్రశ్న: మేము ఈ ఆటకు కొత్త. మూడు గంటల్లో ముగిసే సాహసానికి పనికొచ్చే నాటకం ఒకటి సూచించండి.

జవాబు: మొత్తం నాటకం ఎత్తుకోకండి, ఒక్క అంకం చాలు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ పది అంకాల నాటకం, అందులో మూడో అంకం దొంగతనం. ఈ ఆటల కోసమే రాశాడా అని అనుమానం వచ్చేంతగా అందులో సరంజామా ఉంది. శర్విలకుడనే దొంగ, కథానాయకుడు చారుదత్తుడి ఇంటి గోడకు కన్నం వేయబోతూ, ఏ ఆకారంలో వేస్తే బాగుంటుందని శాస్త్రీయంగా తర్కించుకుంటాడు: వికసించిన పద్మమా, సూర్యబింబమా, నెలవంకా, స్వస్తికమా, పూర్ణకుంభమా? ఇటుక గోడకు పూర్ణకుంభమే నప్పుతుందని తేల్చుకుంటాడు. కొలతాడు మరచిపోయి వస్తాడు కనుక యజ్ఞోపవీతంతో కొలుస్తాడు. కన్నంలోంచి ముందు తాను దూరకుండా ఒక మనిషి బొమ్మను లోపలికి నెట్టి చూస్తాడు. తప్పించుకోవడానికి తలుపు తెరిచిపెట్టుకుంటూ, కిర్రుమనకుండా నీళ్లు చల్లుతాడు. పాతిపెట్టిన సొమ్ము ఉందేమోనని నేల మీద గింజలు విసిరి పరీక్షిస్తాడు. దీపం ఆర్పడానికి వెంట తెచ్చుకున్న పురుగును వదులుతాడు. కాపలావాళ్ల కంటికి కనబడకుండా, ఒంటికి ఆయుధం తగలకుండా చేసే లేపనం సైతం పూసుకుని మరీ వచ్చాడు. మీరు కొత్తగా మాయలు కల్పించే శ్రమ కూడా లేదు.

ఇందులో ఒక్కో పరికరాన్నీ ఆటగాళ్లకు ఒక్కసారి మాత్రమే వాడుకునే వస్తువుగా ఇవ్వండి. ఇక పాచికల లెక్క ఒకటి చెప్పాలి, కొత్తవాళ్లు తరచు బోల్తా పడేది ఇక్కడే. గోడ ఎక్కడానికి ఒకటి, తాళానికి ఒకటి, అడుగుల చప్పుడుకు ఒకటి అంటూ ప్రతిదానికీ పాచిక వేయిస్తారు. ఒక్కో ప్రయత్నం ఫలించే అవకాశం 70 శాతం ఉన్నా, వరసగా అయిదూ ఫలించే అవకాశం 17 శాతానికి మించదు. దొంగలు ఎంత సమర్థులైనా పట్టుబడక తప్పదు. విఫలమైతే కథ కొత్త మలుపు తిరిగే చోట మాత్రమే పాచిక వేయించండి. సరైన పరికరం వాడినవారిని రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోనివ్వండి: ఇరవై ముఖాల పాచిక మీద 15 గానీ అంతకుమించి గానీ పడే అవకాశం ఒక పాచికకు 30 శాతం, రెండింటిలో పెద్దదానికి 51 శాతం.

విఫలమైనప్పుడు ఏం జరగాలో కూడా నాటకమే చెబుతుంది. నగల పెట్టె కాపలా కాస్తూ పడుకున్న చారుదత్తుడి మిత్రుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తాడు. ఎదుట ఉన్నది చారుదత్తుడే అనుకుని, గోబ్రాహ్మణుల మీద ఒట్టు పెట్టి మరీ ఆ పెట్టెను దొంగ చేతిలో పెడతాడు. కాబట్టి ఆటగాడి పాచిక తప్పినప్పుడు ఇంట్లోవాళ్లను లేపి కత్తులు దూయించకండి. సగం నిద్రలో ఉన్నవాడొకడు వాళ్లను ఇంకెవరో అనుకుని మాట్లాడడం మొదలుపెట్టనివ్వండి, జవాబు ఏం చెబుతారో చూడండి. అసలు మెలిక మరునాటిది. శర్విలకుడు దొంగిలించింది తన ప్రేయసి మదనికను దాస్యం నుంచి విడిపించుకోవడానికి. తీరా చూస్తే ఆ నగలు, మదనిక యజమానురాలుగా ఏ వసంతసేనకు వెల చెల్లించాలో ఆ వసంతసేనవే. మీ సాహసం అక్కడ ముగిస్తే సరిపోతుంది, ఆ తరువాతి మాటలు ఆటగాళ్లే ఆడుకుంటారు.

ప్రశ్న: ‘ముద్రారాక్షసం’ ప్రయత్నించి దెబ్బతిన్నాను. దొంగ ఉత్తరాలు, గూఢచారులు, మారువేషాలు కలగాపులగమై, చివరికి మా వాళ్లు విసిగిపోయి రాక్షసమంత్రిని చంపేద్దామన్నారు.

జవాబు: విశాఖదత్తుడి ఆ నాటకంలో రాక్షసుడంటే నందరాజుల మంత్రి పేరు, ఆయన్ను చంపడం ఓటమి కిందే లెక్క. ఆయన్ను చంద్రగుప్తుడికి మంత్రిగా ఒప్పించడమే చాణక్యుడి లక్ష్యం. ఆ సంగతి మొదటి అరగంటలో, ఆటగాళ్లను పనికి పెట్టుకున్నవాడి నోటితోనే స్పష్టంగా చెప్పించాలి: ‘ఆయన ఒంటి మీద గాటు పడితే మీకు దక్కేది శూన్యం’ అని. ఆటగాళ్లను చాణక్యుడి స్థానంలో కూర్చోబెట్టకండి. అన్నీ ముందే తెలిసినవాడికి ఆడడానికేం మిగులుతుంది? యముడి బొమ్మల పటం (యమపటం) చూపిస్తూ ఇల్లిల్లూ తిరిగే నిపుణకుడి లాంటి గూఢచారులను చేయండి. రాక్షసుడి మిత్రుడు చందనదాసు ఇంట్లో అతను పాడుతుంటే, అయిదేళ్ల పిల్లవాడొకడు చూద్దామని బయటికి వస్తాడు, లోపలి స్త్రీ గాభరాగా వాణ్ని వెనక్కి లాగుతుంది, మగవాడి వేలి కొలతకు చేసిన ఉంగరం ఆమె వేలి నుంచి జారి, దొర్లుకుంటూ వచ్చి నిపుణకుడి కాలి దగ్గర ఆగుతుంది. దాని మీద రాక్షసుడి పేరు. ఈ దృశ్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఆడించవచ్చు, పాచిక కూడా అక్కర్లేదు.

కలగాపులగం విషయానికి వస్తే, ఒక నిజాన్ని ఆటగాళ్లు కనిపెట్టాలంటే దానికి కనీసం మూడు ఆధారాలు ఉంచాలని అనుభవజ్ఞులైన గేమ్ మాస్టర్లు చెబుతారు, ఎందుకంటే ఒకటి కంటపడదు, ఇంకొకటి అపార్థమవుతుంది. విశాఖదత్తుడి చాణక్యుడికి ఈ కిటుకు ముందే తెలుసు. రాక్షసుడు ద్రోహి అని, ఆయన పక్షాన ఉన్న రాకుమారుడు మలయకేతువును నమ్మించడానికి అతను ఒక్క ఉత్తరం మీద ఆధారపడలేదు: రాత రాక్షసుడి మిత్రుడైన శకటదాసుది, ముద్ర రాక్షసుడి ఉంగరానిది, ఆపైన మలయకేతువు తండ్రి ధరించిన నగలు రాక్షసుడి ఒంటి మీదే కనబడేలా ముందుగా ఆయనకు అమ్మించి ఉంచాడు. అబద్ధాన్ని నమ్మించిన ఈ పద్ధతిని మీరు తిరగేసి, నిజాన్ని బయటపెట్టడానికి వాడుకోండి. ఆటగాళ్లు ఏ రెండు పట్టుకున్నా కథ ముందుకు సాగాలి.

ప్రశ్న: ఇలా రాసుకున్న సాహసాన్ని ప్రచురిస్తే హక్కుల చిక్కులు వస్తాయా?

జవాబు: షేక్స్పియర్ మరణించింది 1616లో; ఆయన మూలానికీ, సంస్కృత నాటకాల మూలానికీ హక్కుదారులు లేరు. ఆధునిక అనువాదాలకూ వ్యాఖ్యలకూ ఉంటారు, కనుక వాటి వాక్యాలను ఎత్తి రాయకండి. ఆట నియమాల సంగతి వేరు: ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అయిదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో, ఇతరులు వాడుకోవడానికి అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు, ఆధారం పేర్కొని దాన్ని వాడుకోవచ్చు.

ప్రశ్న: నాటకంలో స్వగతాలు ఎంతో అందంగా ఉంటాయి. ఆటలో వాటిని చదివి వినిపిస్తే అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

జవాబు: వాళ్ల తప్పేమీ లేదు, మీరు మాట్లాడుతున్నంతసేపూ వాళ్లకు పని లేదు మరి. స్వగతాన్ని ఒక్క వాక్యానికి కుదించి ఆ పాత్ర చేతిలో పెట్టండి: సగం రాసి చించేసిన ఉత్తరంగానో, తలుపు చాటున వినబడిన మాటగానో. సంస్కృత నాటకాల నుంచి మాత్రం ఒక పద్ధతి నేరుగా తెచ్చుకోవచ్చు. ‘జనాంతికం’ అనే చోట నటుడు ఉంగరపు వేలు మడిచిన త్రిపతాక హస్తాన్ని అడ్డుపెట్టి ఒక్కరితోనే మాట్లాడతాడు, వేదిక మీద మిగిలినవారికి వినబడనట్టే లెక్క. మా బల్ల దగ్గర ఆ చేతి గుర్తే వాడుతున్నాం. గుర్తు పట్టి మాట్లాడితే అది ఆటగాళ్లకు వినిపిస్తుంది, పాత్రలకు వినిపించదు. ‘ఇప్పుడు అన్నది నువ్వా, నీ పాత్రా?’ అనే తగువు దీంతో దాదాపుగా తీరిపోయింది.

ప్రశ్న: జోస్యం ఉంటే ఫలితం ముందే తేలిపోయినట్టు కదా? ఆటగాళ్ల స్వేచ్ఛకు అది అడ్డు కాదా?

జవాబు: జోస్యంలో మాటలు స్థిరంగా ఉండాలి, వాటి అర్థం తెరిచి ఉండాలి. బిర్నమ్ అడవి డన్సినేన్ కొండ మీదికి నడిచి వచ్చేదాకా మాక్బెత్‌కు ఓటమి లేదన్నారు. సైనికులు తమ సంఖ్య తెలియకుండా కొమ్మలు నరికి అడ్డం పెట్టుకుని నడిచి వచ్చారు. స్త్రీ కన్నవాడెవడూ అతనికి హాని చేయలేడన్నారు. చివరికి అతన్ని చంపిన మాక్డఫ్‌ను తల్లి గర్భం చీల్చి బయటికి తీశారు. గ్రీకు నాటకంలో ఈడిపస్ రాజుకు పట్టినలాంటి జోస్యాన్ని, అంటే ‘నువ్వు ఫలానా పాపం చేస్తావు’ అనేదాన్ని ఆటగాడి పాత్రకు అంటగట్టకండి, అది అతని చేతిలోని పాచికలు లాక్కోవడమే. శత్రువు మీద పెట్టండి, అది ఎలా నెరవేరుతుందో మీరు ముందుగా తేల్చుకోకండి.

ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ‘నది వెనక్కి పారిన రోజున కోట కూలుతుంది’ అని ఒక ఆటలో జోస్యం పెట్టి, దానికోసం ఆనకట్టనూ, దాని తలుపులు మూసే యంత్రాన్నీ, కాపలా ఉండే రాక్షసులనూ రెండు వారాలు కూర్చుని పటం గీసుకున్నాను. కోట సభామంటపంలో నది బొమ్మ నేసిన పెద్ద తెర ఒకటి వేలాడుతోందని అంతకుముందెప్పుడో మాటవరసకు వర్ణించిన సంగతి నాకు గుర్తే లేదు. ఆటగాళ్లకు గుర్తుంది. రాత్రిపూట లోపలికి దూరి, దాన్ని విప్పి, తిరగేసి వేలాడదీశారు. అందరూ నావైపు చూస్తుంటే, ఏం చెప్పాలా అని ఆలోచించేలోపే గోడ బీటలు వారిందని చెప్పేశాను. ఆనకట్ట పటం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికైనా కావాలంటే పంపిస్తాను.