ప్రత్యర్థి చివర్లో మారితే ఛాంపియన్ బరిలోకి దిగాల్సిందేనా?

పోటీ దగ్గర పడ్డాక ప్రత్యర్థి గాయపడితే, బదులు వచ్చినవాడితో ఛాంపియన్ తలపడాలా అని అడిగారు. తలపడి తీరాలన్న నియమమేమీ ఉండకూడదని నా అభిప్రాయం.

నేను రాష్ట్ర స్థాయి వరకు అమెచ్యూర్ బాక్సింగ్ ఆడాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. మా పోటీల్లో డ్రా తీసేదాకా ఎదుట ఎవరుంటారో తెలియదు. అందుకే మా తోటివాళ్లు కొందరు "మనం ఆడలేదా, వీళ్లకేం నొప్పి?" అంటుంటారు. మా బౌట్ మూడు రౌండ్లు. పురుషుల ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రపంచ టైటిల్ బౌట్ పన్నెండు రౌండ్లు, దాని వెనుక ఒకే మనిషిని దృష్టిలో పెట్టుకుని వారాల తరబడి చేసిన సాధన ఉంటుంది. కుడిచేతి వాటం వాడి కోసం సిద్ధమైతే ఎడమచేతి వాటం వాడు వచ్చాడనుకోండి. ముందు పాదాలు ఒకదానికొకటి తగులుతాయి, అలవాటైన జాబ్ (ముందు చేతి గుద్దు) అతని ముందు చేతి దగ్గరే ఆగిపోతుంది, అతని ఎడమ స్ట్రెయిట్ (తిన్నగా వచ్చే గుద్దు) మనం కాపలా కాయని వైపు నుంచి వస్తుంది. దీనికి అలవాటు పడటానికి సాధన బౌట్లు (స్పారింగ్) ఆడేందుకు అలాంటి భాగస్వామి కావాలి. మా ఊళ్లో వాళ్లు దొరకడమే గగనం.

గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ కలిసిన ఎంఎంఏలోనూ ఇదే సమస్య. ఆ ఆట పోటీలు నడిపే యూఎఫ్‌సీలో 2012లో ఛాంపియన్ జాన్ జోన్స్ ప్రత్యర్థి డాన్ హెండర్సన్ మోకాలి గాయంతో తప్పుకున్నాడు. ఎనిమిది రోజుల్లో చేల్ సొనెన్‌తో ఆడమంటే జోన్స్ కాదన్నాడు. ఆ బౌట్ ఉన్న యూఎఫ్‌సీ 151 కార్యక్రమం మొత్తం రద్దయింది. యూఎఫ్‌సీ అధిపతి డేనా వైట్ బహిరంగంగా జోన్స్‌నూ, అతని కోచ్ గ్రెగ్ జాక్సన్‌నూ తిట్టిపోశాడు. ఒక్క బౌట్ పోతే కార్యక్రమమంతా కూలేలా పేర్చింది జోన్సా? మూడు వారాల తర్వాత అతను విటర్ బెల్‌ఫోర్ట్‌తో ఆడాడు. తొలి రౌండులో ఆర్మ్‌బార్‌లో (మోచేతిని వెనక్కి విరిచే పట్టు) చెయ్యి పోయేంత పనై, నాలుగో రౌండులో గెలిచాడు.

ఒప్పుకుని మునిగినవాళ్లూ ఉన్నారు. 2016లో యూఎఫ్‌సీ ఛాంపియన్ ల్యూక్ రాక్‌హోల్డ్, బదులు వచ్చిన, తాను అంతకుముందు ఓడించిన మైఖేల్ బిస్పింగ్ చేతిలోనే తొలి రౌండులో నాకౌటై బెల్టు పోగొట్టుకున్నాడు. బాక్సింగ్‌లో 2019లో జారెల్ మిల్లర్ డోపింగ్ పరీక్షల్లో దొరికితే, ఆండీ రూయిజ్ వచ్చి ఛాంపియన్ ఆంథోనీ జాషువాను నాలుగుసార్లు నేలకూల్చి గెలిచాడు. రూయిజ్ ఏప్రిల్ 20నే ఒక బౌట్ గెలిచి ఉన్నాడు, జూన్ 1కి ఒళ్లు వేడి మీదే ఉంది. బదులు వచ్చేవాడు ఎప్పుడూ సాధన లేకుండానే వస్తాడనుకోవడం భ్రమ.

అయినా యూఎఫ్‌సీ ఛాంపియన్‌గా ఇస్లాం మఖచేవ్‌ను చూస్తే నా వాదన కాస్త సడలుతుంది. బదులు వచ్చినవాళ్లే అయిన 2023లో వోల్కనోవ్‌స్కీ, 2025 జనవరిలో ఒక్కరోజు ముందు ఖరారైన మొయికానో, ఇద్దరినీ తొలి రౌండులోనే ముగించాడు. వోల్కనోవ్‌స్కీతో అదే ఏడాది ఫిబ్రవరిలో అయిదు రౌండ్లు ఆడి ఉన్నాడు, అంటే తెలిసిన మనిషే. నా శిష్యుడు అడిగితే నేను చూసేదీ అదే: రోజులెన్ని ఉన్నాయన్నది తర్వాత, వచ్చేవాడి ఆట మనకెంత తెలుసన్నది ముందు.

టికెట్ కొన్నవాళ్ల బాధ నిజమే. నిర్వాహకులు మొదటి నుంచీ ఒక రిజర్వు ఆటగాణ్ని సిద్ధం చేయాలి, అతని పేరు ఛాంపియన్‌కు ముందే చెప్పాలి, బౌట్ దక్కకపోయినా పోటీ విభాగానికి తగ్గట్టు బరువు తగ్గించుకుని వచ్చినందుకు అతనికి డబ్బు చెల్లించాలి.