ముంగిట్లో మొక్కలు ఇంటితోపాటు అమ్ముడైనట్టేనా?

ప్రశ్న: విజయవాడ పటమటలో 267 గజాల్లో మా సొంత ఇల్లు ఉంది. మావారు రిటైరయ్యాక బాగానే ఖర్చుపెట్టి ముంగిలంతా తీర్చిదిద్దారు. లాన్, రాతి పలకల నడవ, కడియం నుంచి తెచ్చిన రెండు మామిడి అంట్లు, తులసి కోట పెట్టించారు. ప్రహరీ బయట మురుగు కాలువ మీద పలకలు పరిచి, గ్రిల్ కట్టి, నాలుగడుగుల వెడల్పున పూలమొక్కలు కూడా వేశాం. ఇప్పుడు పిల్లల దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు అమ్ముతున్నాం. అగ్రిమెంటు అయింది, పది లక్షలు అడ్వాన్స్ ముట్టింది. కొనేవారికి లోన్ ఇచ్చే బ్యాంకు ఇంజినీరు తోటకు రూపాయి విలువ కూడా కట్టలేదని, బయటి జాగా మాది కాదన్నారని, అందుకని ఐదు లక్షలు తగ్గించమని కొనేవారు ఇప్పుడు పేచీ పెడుతున్నారు. లేదంటే ఆ ఐదు లక్షలు ‘తోట డబ్బు’ కింద విడిగా నగదుగా ఇస్తారట, దస్తావేజులో ఆ మేరకు తగ్గించి రాయాలట. ఏం చేయమంటారు? మా అత్తగారు నాటిన పారిజాతాన్ని, తులసి కోటను మాతో తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు గునపం పక్కన పెట్టించండి. ఆస్తి బదిలీ చట్టం, 1882 ప్రకారం నేలలో వేళ్లూనుకున్న చెట్టూ పొదా నేలలో భాగమే. వేరే ఏమీ రాసుకోకపోతే స్థలంతోపాటే అవీ కొన్నవారికి వెళ్లిపోతాయి. రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి ఇంకా యజమానులు మీరే, నిజమే. కానీ అగ్రిమెంటు నాటి నుంచి ఇల్లు అప్పగించేదాకా, బాధ్యత తెలిసిన యజమాని ఎలా చూసుకుంటాడో అలా ఆస్తిని చూసుకోవాలని అదే చట్టం 55వ సెక్షన్ అమ్మేవారికి చెబుతోంది. కొనేవారు పచ్చటి ముంగిలి చూసి బేరం కుదుర్చుకున్నారు. తాళాలు తీసుకునే రోజున అక్కడ గుంతలు కనిపిస్తే, ఐదు లక్షలు తగ్గించమనడానికి ఇప్పుడు లేని కారణం అప్పుడు దొరుకుతుంది.

కుండీల్లో మొక్కలు మీ సామానే, నిక్షేపంగా పట్టుకెళ్లండి. తులసి కోట దగ్గర మాత్రం చూసుకోవాలి. గచ్చు మీద ఊరికే నిలబెట్టిన రాతి కోటైతే అదీ సామాను కిందే లెక్క. పునాది తీసి సిమెంటుతో కట్టించినదైతే ఇంటిలో భాగం. ఎంత గట్టిగా అతికించారు, ఎందుకు అతికించారు అని కోర్టులు చూస్తాయి. ఈ లెక్కన బోరు మోటారు ఇంటిదే. ఒక వెసులుబాటు ఉంది. యాజమాన్యం మారేదాకా ఆస్తి మీద వచ్చే ఫలసాయం అమ్మేవారిది కాబట్టి, రిజిస్ట్రేషన్ లోపు మామిడికాయలు దిగితే కోసుకోండి.

పారిజాతం, కోట కావాలనుకుంటే అడిగి చూడండి. తులసి కోట ఇవ్వనని మొండికేసేవారు మన దగ్గర తక్కువే. ఒప్పుకుంటే ‘ఈ రెండూ మినహా’ అని అనుబంధ ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకోండి. అయినా ముదిరిన చెట్టును పెకలించి మరో ఊళ్లో నాటితే బతుకుతుందన్న భరోసా తక్కువ. పైగా చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతుల తలనొప్పి. పారిజాతం కొమ్మ నాటినా, గింజ నాటినా వస్తుంది. ఇది లాయరు సలహా కాదు, అయినా వినండి.

ఇక ధర. బ్యాంకు ఇంజినీరు గజాల లెక్కన స్థలానికి, అడుగుల లెక్కన కట్టడానికి విలువ కడతారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లెక్క కూడా అంతే, అందులో లాన్‌కు గడి ఉండదు. ఆ విలువ కొనేవారికి ఎంత లోన్ రావచ్చో తేల్చడానికి, మీ బేరం తిరగరాయడానికి కాదు. ముంగిలి బాగుంటే ఇల్లు తొందరగా అమ్ముడవుతుంది, బేరంలో నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి. ఆ ఎక్కువ మీ అగ్రిమెంటు ధరలో ఇప్పటికే కలిసిపోయింది. లోన్ ఇంత రాకపోతే ధర తగ్గిస్తామనో, బేరం రద్దనో అందులో రాసి ఉంటే తప్ప మీరు తగ్గించనక్కర్లేదు.

బయటి నాలుగడుగుల సంగతి వేరు. అది కార్పొరేషన్ జాగా. వీధి ఆక్రమణ మీద స్థానిక సంస్థ దావా వేయడానికే లిమిటేషన్ చట్టం 30 ఏళ్ల గడువిచ్చింది. మీరు నాలుగు రోజులు నీళ్లు పోసి పెంచినంత మాత్రాన హక్కు రాదు. టేపు పట్టి ప్రహరీ లోపల కొలిపించండి. 267 గజాలూ లోపలే వస్తే వారికి నష్టమేమీ లేదు. బయటి జాగా కలిపితేనే 267 అవుతుంటే మాత్రం వారు అడిగేది న్యాయమే, తగ్గిన గజాలకు ధర తగ్గించాలి. బ్రోకరు ‘గ్రిల్ దాకా మనదే’ అని చూపించి ఉంటే అదీ మీ మెడకు చుట్టుకుంటుంది. అందుకని ఆ జాగా అమ్మకంలో లేదని స్పష్టంగా రాయండి. నన్నడిగితే రిజిస్ట్రేషన్ లోపే గ్రిల్, పలకలు తీయించేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తాక, ఈ ఊళ్లో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది నీళ్లొచ్చాయా అనే. ఇంటి ముందు కాలువను కప్పేసిన పూలమొక్కలు వాళ్లకు అందంగా కనపడవు.

లోపల ముందుభాగం లాన్‌గా వదిలేయడం మంచిదైంది. ప్లాన్‌లో చూపిన సెట్‌బ్యాక్‌లో, అంటే ఖాళీగా వదలాల్సిన జాగాలో, గదో షాపో దించి ఉంటే, ఇదే ఇంజినీరు ప్లాన్ ఉల్లంఘన అని రాసేవాడు.

‘తోట డబ్బు’ మాట మాత్రం ఎత్తనివ్వకండి. మొక్కలు స్థలంలో భాగమైనప్పుడు వాటి డబ్బూ ఇంటి ధరలో భాగమే, మొత్తం ప్రతిఫలం, అంటే కొనేవారు ఇచ్చే సొమ్మంతా, దస్తావేజులో చూపాల్సిందే. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అంటే ఐదు లక్షల మీద కొనేవారికి మిగిలేది 37,500. దానికోసం మీరు ఐదు లక్షలకు పూచీ పడుతున్నారు. అడ్వాన్స్ కూడా చెక్కుగానో, ఖాతాలోనో తీసుకున్నారనే అనుకుంటున్నాను.

రాతి నడవ, గేటు లాంటి శాశ్వతమైన పనుల బిల్లులుంటే దాచండి, ఇల్లు అమ్మగా వచ్చే లాభం మీద పడే మూలధన లాభం పన్ను లెక్కలో ఆడిటరుకు పనికొస్తాయి. తోటమాలి జీతం అందులోకి రాదు.

ఈ వారంలో కొలత వేయించి, గజాలు సరిపోతే, అగ్రిమెంటు ధరకే రిజిస్ట్రేషన్‌కు సిద్ధమని అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో తెలియజేయండి. అప్పటికీ మొరాయిస్తే అడ్వాన్స్ ఉంచుకోవచ్చా, తిరిగి ఇవ్వాలా అన్నది అగ్రిమెంటులో ఏం రాశారో చూడకుండా చెప్పలేను. దాని కాపీ, పాత దస్తావేజు, ప్లాన్ పట్టుకుని స్థానికంగా ఒక లాయరును కలవండి.