సస్సారి బ్రిగేడ్ చరిత్ర రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఇటలీ పదాతి దళంలోంచి సస్సారి బ్రిగేడ్‌ను ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 నుంచి 1918 దాకా ఆ పేరు మారలేదు గానీ, అందులోని మనుషులు మారిపోతూనే వచ్చారు. రాసేటప్పుడు ఇది ఒక్క పేజీలో కూడా మరవకు.

ముందు నిర్మాణం. బ్రిగేడ్‌కు రెండు రెజిమెంట్లు, రెజిమెంట్‌కు మూడు బెటాలియన్లు, బెటాలియన్‌కు నాలుగు కంపెనీలు. అన్నీ కలిపి సుమారు 6,000 మంది. 1915 మార్చి 1న 151వ రెజిమెంట్ సిన్నాయిలో, 152వది తెంపియో పౌసానియాలో ఏర్పడ్డాయి. రెండూ సార్దీనియా ద్వీపంలోని ఊళ్ళే. ఇటలీ సైన్యం మామూలుగా వేర్వేరు ప్రాంతాల వాళ్ళను కలిపి రెజిమెంట్ కట్టేది. ఇందులో మాత్రం దాదాపు అందరూ సార్దీనియా వాళ్ళే. అందుకే ఒక్క దాడిలో పోయిన ప్రాణాలకు ఏడుపు ఆ ఒక్క ద్వీపంలోని పల్లెల్లోనే వినిపించేది.

ఆస్ట్రియా-హంగేరీతో పోరు జరిగిన ఈశాన్య సరిహద్దులోని కార్సో పీఠభూమి గురించి రాసేటప్పుడు తొందరపడకు. అక్కడిది సున్నపురాయి నేల, పార దిగదు. కందకం తవ్వడమంటే బండ పగలగొట్టడం, లేదా రాళ్ళూ ఇసుక బస్తాలూ పేర్చి అడ్డుగోడ కట్టడం. ఫిరంగి గుండు పడితే ఇనుప ముక్కలతో పాటు రాతి పెంకులూ లేచి కళ్ళలో, ముఖాల్లో దిగేవి. పైన నీళ్ళు లేవు. కింది నుంచి మోసుకురావాలి. 1915 నవంబరులో ఫ్రాస్కె, రాజ్జి అనే శత్రు కందకాలను బ్రిగేడ్ పట్టుకున్నది ఇలాంటి చోటే. సైనిక ప్రధాన కార్యాలయం తన ప్రకటనలో బ్రిగేడ్‌ను పేరుపెట్టి మెచ్చుకుంది. ఆ మెప్పుతోనే అధ్యాయం ముగించకు. ఆ వారం ఏ కంపెనీలో ఎందరు మిగిలారో వెతుకు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది నష్టాల లెక్క దగ్గర. మృతులు 2,000కు పైగా, గాయపడినవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ 12,000కు పైగా. 6,000 మంది బ్రిగేడ్‌కు ఇంత నష్టమా అనిపిస్తుంది. కొత్తవాళ్ళను నింపుతూ పోయారు కాబట్టే ఆ అంకె. పైగా రెండుసార్లు గాయపడినవాడు రెండుసార్లు లెక్కకొస్తాడు. గల్లంతైనవాళ్ళలో శత్రువుకు పట్టుబడి బతికినవాళ్ళూ ఉంటారు. వాళ్ళందర్నీ మృతుల్లో కలిపేస్తే నీ పుస్తకం మొత్తం తప్పవుతుంది.

రెజిమెంట్ దినచర్య పుస్తకాన్ని ఆధారంగా పెట్టుకో. తేదీ, చోటు అందులోంచే తీసుకో. పతకాల ప్రశంసాపత్రాలు పొగడ్త కోసం రాసినవి, వాటితో యుద్ధాన్ని వర్ణించకు. ఈ బ్రిగేడ్ అధికారి ఎమీలియో లుస్సు జ్ఞాపకాలు తప్పక చదవాలి. అయితే అవి ఉత్తర ఇటలీలోని ఆసియాగో పీఠభూమి మీది పోరాటం జరిగాక ఇరవయ్యేళ్ళకు, 1938లో అచ్చయ్యాయి. సైనికుల మనసు తెలుసుకోవడానికి వాటికి మించినవి లేవు. తేదీలకు మాత్రం దినచర్యే చూడు.

1918 జనవరిలో ఆ ఆసియాగో పీఠభూమి మీదే బ్రిగేడ్ సాధించిన విజయంతో ఆపేయాలనిపిస్తుంది. ఆపొద్దు. 1919లో ఇదే బ్రిగేడ్‌ను ఉత్తర ఇటలీలోని తూరిన్ నగరపు కార్మికుల మీదికి పంపారు. అలా వెళ్ళిన సైనికుల్లో చాలామంది పేద పల్లెల బిడ్డలే. ఆ అధ్యాయం రాయడం కష్టం, అయినా వదలకు. రెండో ప్రపంచయుద్ధంలో సస్సారి పేరు ఒక డివిజన్‌కు ఉండేది. దాన్నీ 1988లో మళ్ళీ కట్టిన బ్రిగేడ్‌నూ కలగాపులగం చెయ్యకు.

ముందు 1915 నవంబరు అధ్యాయం రాసి పంపు. చేతితో గీసినదైనా సరే, పటం ఒకటి జతచెయ్యి.