శక్తి కొత్త ఆల్బమ్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన రాగతాళాలను జాజ్‌తో కలిపి వాయించే శక్తి బృందం వెలువరించిన ‘దిస్ మొమెంట్’ మీద శ్రోతల అభిప్రాయాలు పోగుచేసి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. భీమవరం నుంచి పాలకొల్లు మీదుగా నరసాపురం దాకా తిరిగి, పాట వినేవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడావని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే మొత్తం చదివాక నాకు మిగిలింది ఒక్కటే ముక్క: కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు. ఆ మాట నీ వ్యాసం తెరవకముందే పాఠకుడు ఊహించుకోగలడు. ఎవరికి, ఏ పాటలో, ఏ చోట మనసు నిండిందో, ఏ చోట వెలితి తోచిందో చెప్పగలిగిననాడు అది నువ్వు మాత్రమే రాయగలిగిన వ్యాసమవుతుంది.

నీ వయసులో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఒక కచేరీ విని వచ్చి, శ్రోతల నుంచి మిశ్రమ స్పందన లభించిందని రాసి పంపితే పత్రికవాళ్లు అచ్చువేశారు. సన్నాయి మేళంలో క్లారినెట్ వాయించే పెద్దాయన ఒకరు ఆ కాగితం మడిచి చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చి, “బాబూ, నచ్చనివాళ్లు ఏ రాగం దగ్గర లేచి వెళ్లిపోయారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కోప్పడలేదు. అరుగు మీద కూర్చుని, కల్యాణి ఆలాపన సాగినంతసేపూ ఎవరూ కదలలేదనీ, తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలవాళ్లు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే వెనక వరుసలు ఖాళీ అయ్యాయనీ, లేచినవాళ్లలో సగంమంది ఆఖరి బస్సు కోసం లేచినవాళ్లేననీ ఓపికగా చెప్పారు. నేను రాయవలసిన వ్యాసాన్ని ఆయన నోట విన్నాను.

ఇప్పుడు నీ వ్యాసం సంగతికి వస్తాను. 1977 తర్వాత 46 ఏళ్లకు, 2023లో శక్తి నుంచి మళ్లీ స్టూడియో ఆల్బమ్ వచ్చిందనీ, మరుసటి ఏడాది దానికి గ్రామీ పురస్కారం దక్కిందనీ రాశావు. బాగానే ఉంది. కానీ పాతకాలపు అభిమాని దేని కోసం ఎదురుచూశాడో చెప్పకపోతే అతని నిరాశ ఉత్త సణుగుడులా కనిపిస్తుంది. తొలి రోజుల్లో, బృందాన్ని కట్టిన ఇంగ్లిష్ గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించినది కరెంటుతో పనిలేని గిటారు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ సాగదీసే తీరు, పలికించడానికి మెట్ల మధ్య కర్రను లోతుగా చెక్కించుకుని, అసలు తీగల కింద ఏటవాలుగా మరో ఏడు తీగలు బిగించుకున్నాడు. ఒక స్వరం మీటితే ఆ తీగలు వెనక నుంచి సన్నగా మోగేవి. ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం ఆ మోత చుట్టూ అల్లుకునేవి. అంతకుముందు మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బృందంలో ఆయన ఎలక్ట్రిక్ గిటారుకు అలవాటుపడిన రాక్ అభిమానుల్లో చాలామందికి 1976లో ఈ మార్పే మింగుడుపడలేదు. ఇప్పుడు పాత శక్తి శ్రోతలు కొందరు కొత్త ఆల్బమ్‌లో ఎలక్ట్రిక్ గిటారు విని ముఖం చిట్లిస్తున్నారంటే, ఆ బాధకూ ఈ బాధకూ ఉన్న బంధుత్వాన్ని నువ్వు పట్టుకోవాలి. కోవిడ్ రోజుల్లో చాలావరకు ఎవరి చోట వాళ్లుండి వాయించి పంపుకున్న భాగాలతో ఈ ఆల్బమ్ తయారైంది కనుక, ఎదురెదురుగా కూర్చుని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ వాయించిన పాత రికార్డింగుల వేడి ఇందులో లేదన్నవాళ్ల మాటనూ తేలిగ్గా తీసిపారేయకు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది, పాలకొల్లు దాకా వెళ్లి మాండలిన్ శ్రీనివాస్ గురించి రెండే వాక్యాలు రాయడం. ఆయన 1969లో పుట్టింది ఆ ఊళ్లోనే. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక సంగీతం వాయిస్తానంటే, ఇదెక్కడి చోద్యమన్నవాళ్లు ఆనాడూ ఉన్నారు. ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్లీ కూడిన బృందంలో కొన్నాళ్లకు మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నది ఆయనే. 2014లో కన్నుమూశారు. ‘దిస్ మొమెంట్’లో మొదటి పాట పేరు ‘శ్రీనిస్ డ్రీమ్’. ఆయన కలను పేరుగా పెట్టుకున్న ఆ ఆల్బమ్‌లో ఆయన మాండలిన్ లేదు. గోదావరి ఒడ్డున కూర్చుని ఈ ఆల్బమ్ గురించి రాసేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

కిందటి నెలలో పాలకొల్లులో ఒక మాస్టారింట్లో నేను ఈ ఆల్బమ్ విన్నాను. ఆయన మనవరాలు కూడా ఉంది. ‘గిరిరాజ్ సుధ’ వచ్చింది. అది బంగాళ రాగంలోని త్యాగరాజ కృతి ఆధారంగా కట్టినది. 2001లో వచ్చిన ‘శాటర్డే నైట్ ఇన్ బాంబే’లోనూ ఉంది, అప్పుడు శ్రీనివాస్ వాయించారు. శంకర్ మహదేవన్ గొంతు అందుకోగానే ఆ అమ్మాయి తనకు తెలియకుండానే మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టింది. మాస్టారు మాత్రం కళ్లు మూసుకుని ఒకచోట కుడిచేతి వేళ్లు పైకెత్తి, గాలిలో అలాగే ఆపేశారు. వేళ్లు ఎందుకెత్తారో నాకు వెంటనే అర్థం కాలేదు. పాట అయ్యాక, “అక్కడ మనవాడు జవాబు చెప్పేవాడండీ” అన్నారు. ఆ తర్వాత ఆల్బమ్ తనకు నచ్చలేదని కూడా అన్నారు. నీ వ్యాసంలో ఆ రెండో మాట ఒక్కటే ఉంది. ఆయనతో నువ్వూ మాట్లాడావని నాకు తెలుసు.

మరొక్క జాగ్రత్త చెబుతాను. శ్రీనివాస్ మాండలిన్‌ను ఒకప్పుడు కాదన్నవాళ్లే పొరబడ్డారు కదా అని, ఈ కొత్త గిటారును కాదంటున్న పెద్దలను ఆ ఉదాహరణతో నోరు మూయించాలని చూడకు. ఆ తర్కం రాయడానికి సులువుగా, చదవడానికి చురుగ్గా ఉంటుంది కానీ, మాస్టారి వేళ్లు గాలిలో ఎందుకు ఆగాయో అది చెప్పదు. మనవరాలి ఆనందాన్ని తెలియనితనమని తోసెయ్యకు. పదేళ్లు సంగీతం నేర్చుకున్న పిల్ల ఆమె. తను నేర్చుకున్న కృతిని ప్రపంచమంతా వింటోందన్న సంతోషం ఆమెకు నిజంగానే ఉంది.

రెండు ఆల్బమ్‌లలోని ‘గిరిరాజ్ సుధ’నూ వరుసగా, మంచి హెడ్‌ఫోన్లతో, చేతిలో కాగితం లేకుండా మూడేసిసార్లు విను. ఆ తర్వాత మాస్టారింటికి మళ్లీ వెళ్లు. ఈసారి నచ్చిందా లేదా అని అడగవద్దు. ఆయన పక్కన కూర్చుని పాట పెట్టు, చేతులు చూస్తూ ఉండు. మధ్యాహ్నం ఆయన కాసేపు పడుకుంటారు కనుక నాలుగు దాటాక వెళ్లు. తిరగరాసినది నాకు పంపు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి