త్సుబా పక్క రంధ్రంలోని పూడిక గురించి

మీ ఇనుప త్సుబాలో, అంటే జపాన్ కత్తి పిడికి ముందు చేతికి అడ్డుగా ఉండే ఆ బిళ్ళలో, ఒక పక్క రంధ్రం బూడిదరంగు లోహంతో మూసి ఉన్నందున అది నకిలీయేమోనని అడిగారు. ఆ ఒక్క కారణంతో అనుమానించనక్కరలేదు. నడిమి రంధ్రం కత్తిది. పక్కవి ఒరలో అమర్చే చిన్న చాకుకూ, జుట్టు సర్దుకునే పుల్లకూ దారి. అవి లేని కత్తికి త్సుబాను బిగించేటప్పుడు ఆ రంధ్రాలను సీసంతోనో, రాగిలో కొద్దిగా బంగారం కలిపిన షకుదోతోనో పూడ్చేవారు కనుక, దయచేసి దానిని పెకలించకండి. ఇక మీ త్సుబామీద ఉన్నది తూనీగ బొమ్మ; తూనీగ ముందుకే ఎగురుతుందనీ, వెనుదిరగదనీ సమురాయ్‌లు దానిని విజయచిహ్నంగా ఎంచారు. ఎంత చక్కని ఎంపిక! ఇనుముపై నల్లని పొర పనివాడు కోరి తెప్పించినది, కాబట్టి గరుకు కాగితమూ ఆమ్లమూ తాకనీయక, మెత్తని పొడి నూలుగుడ్డతో మాత్రమే తుడవండి.