మూడో తరగతి నేస్తం గురించి రాసే ముందు: మేనల్లుడికి అత్తయ్య ఉత్తరం

చి. శీనుకి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. సంక్రాంతికి మీ ఐదో తరగతి బ్యాచ్ అంతా బడిలో కలుస్తున్నారనీ, సావనీరులో నువ్వు మూడో తరగతినాటి ఆ పిల్ల గురించి రాస్తున్నావనీ వదిన ఫోన్లో చెప్పింది. ఇన్నాళ్లకి మనింట్లో ఒకడు కలం పట్టాడని మురిసిపోయాను. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలుసు. ఊళ్లో సగం మందికీ తెలుసు.

ముందు రాత సంగతి. గ్రూపులో ఒక్క మెసేజీ పెట్టకముందే నీకు గుర్తున్నదంతా కాగితం మీద పెట్టు. మూడు గళ్లు గీసుకో: కళ్లారా చూసింది, ఎవరో చెప్పగా విన్నది, ఫోటోలో చూసింది. నలుగురితో కబుర్లాడాక ఈ మూడూ కలిసిపోతాయి, మళ్లీ విడదియ్యలేవు. బార్ట్‌లెట్ అనే ఇంగ్లండు మనస్తత్వవేత్త 1932లోనే రాసిపెట్టాడు: ఒకే కథని మళ్లీ మళ్లీ గుర్తుచేసుకుని చెప్పమంటే, అది కాస్త పొట్టిదై, కాస్త నున్ననై, చెప్పేవాడికి అలవాటైన తీరులోకి వచ్చేస్తుందట. నువ్వు పదిమంది ఫ్రెండ్సుకి చెప్పి చెప్పి ఇప్పటికే చాలా నున్నగా చేసుంటావు.

మనిషితో మొదలుపెట్టకు. పెద్ద పెద్ద కళ్లు, వాలుజడ అని ఎత్తుకున్నావంటే అది ఏ సినిమా హీరోయినో అయి కూర్చుంటుంది. గదితో మొదలుపెట్టు. ఒకే గదిలో రెండు తరగతులు, ఒకటే నల్లబల్ల, తలుపు వైపు మీరు, కిటికీ వైపు ఆడపిల్లలు, కింద గోనెపట్టాలు. బొమ్మ గీసి ఎవరెక్కడ కూర్చునేవాళ్లో రాసుకో. తర్వాత వస్తువులు. మార్కాపురం రాతిపలక, వదులైన చెక్క చట్రానికి మూలన చుట్టిన పురికొస, ఎంగిలితో తుడిస్తే ఆరుతూ ఆరుతూ మళ్లీ తేలే పాత అక్షరాలు. నాలిక్కి తగిలిన బలపం మట్టి రుచి. పుస్తకంలో పిల్లలు పెడుతుందని దాచిన నెమలీక. గౌను అంచులో చుట్టి కాకెంగిలి చేసిన జామకాయ. ఇందులో ఒక్కటి గట్టిగా దొరికితే చాలు, మనిషి దాని వెనకాలే వస్తుంది.

రాశాక సరిచూసుకో. మీరిద్దరూ బడి భోజనానికి పళ్లేలు పట్టుకుని లైన్లో నిలబడ్డట్టు రాశావట. నువ్వు ఐదు దాటింది 1993లో. మీరంతా మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తి తినొచ్చేవాళ్లు. కేంద్రం పథకం 1995లో వచ్చింది. ఆ తర్వాత కూడా మన దగ్గర నెలకి మూడు కేజీల బియ్యం ఇచ్చారంతే. వండి పెట్టడం 2003లో మొదలైంది. తర్వాతెప్పుడో చూసిన లైన్లోకి ఆ పిల్లని తెచ్చి నిలబెట్టావు, తీసెయ్. తేదీలకి నీ రికార్డు షీటు చాలు. అందులో పుట్టినరోజుని మాత్రం మరీ నమ్మకు. చేర్పించేనాటికి ఐదేళ్లు నిండినట్టు జూన్, జూలై తేదీలు వేసేయడం అప్పట్లో మామూలే. అడ్మిషన్ రిజిస్టరు చూపించమని హెడ్మాస్టర్ని అడక్కు. అందులో తండ్రి పేరు, కులం, పుట్టుమచ్చలు ఉంటాయి. అది ముచ్చట కోసం తెరిచే పుస్తకం కాదు.

ఇక అసలు సంగతి. ఈ సమ్మేళనాల్లో ఏళ్ల తరబడి ఒకటే తప్పు జరుగుతోంది. పొద్దున గురువులకి శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, భోజనాలయ్యాక మైకు. పొట్ట నిండినవాడొకడు లేచి, “మనవాడి ఫస్ట్ లవ్ ఇక్కడే ఉంది” అంటాడు. అందరూ ఈలలు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది? ఈలోపు మూడు ఫోన్లలో వీడియో. సాయంత్రానికి ఎవరి స్టేటస్‌లోనో, రాత్రికి ఆమె ఆడపడుచు చేతిలో. మీకది నవ్వులాట. ఆమెకి, ఇంట్లో కూర్చుని జవాబు చెప్పుకోవలసిన విషయం. నెల తిరక్కుండా గ్రూపులోంచి తప్పుకుంటుంది, మళ్లీ ఏడాది రాదు. ఎందుకు రాలేదని ఒక్కడూ అడగడు.

అచ్చులో ఇది ఇంకా ప్రమాదం. మాట గాలికి పోతుంది, సావనీరు బీరువాలో ఉంటుంది. పేరు మార్చాను కదత్తా అంటావు. మీ తరగతిలో ఆడపిల్లలే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అందులో “పోస్టుమాస్టరు గారమ్మాయి” అని రాస్తే పేరెందుకిక? పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, పుట్టింటి వీధి మారదు. కాబట్టి పేరుతోపాటు తండ్రి ఉద్యోగం మార్చు, వీధి తీసెయ్, అన్నదమ్ముల ఊసెత్తకు, ఊరు విడిచి వెళ్లిన ఏడాది రాయకు. పలక ఉంచు, జామకాయ ఉంచు, నీ బెరుకు ఉంచు. అవి నీవి, వాటికి ఎవర్నీ అడగక్కర్లేదు.

అలా మార్చినా సరే, ఆమెకి ముందు చూపించాలి. నువ్వు నేరుగా మెసేజ్ పెట్టొద్దు, రాత్రిపూట అసలే వద్దు. ఇద్దరికీ కావలసిన ఆడమనిషి ఒకరు బ్యాచ్‌లో ఉంటుంది కదా, ఆమె చేత రాసినదంతా పంపించు, ముక్కలుగా కాదు. ప్రెస్సుకి ఇచ్చే తేదీకి కనీసం రెండు వారాల ముందు పంపు. “నీ ఇష్టం” అందంటే వద్దని. “ఇప్పుడవన్నీ ఎందుకులే” అన్నా వద్దనే. జవాబు రాకపోయినా వద్దనే. “ఆ జామకాయ నేను కాదు, ఫలానా అమ్మాయి తెచ్చింది” అని దిద్దిందంటే మాత్రం దిగుల్లేదు, వెయ్యొచ్చు.

నీ మీద అనుమానంతో రాయటంలేదురా. కొత్త బలపం సగానికి విరిచి ఇచ్చొచ్చి, పోయిందని అబద్ధం చెప్పి వదిన చేత వీపు పగలగొట్టించుకున్నవాడివి. దెబ్బలు తింటూ కూడా ఎవరికిచ్చావో చెప్పలేదు. ఆ నోరు ఇప్పుడూ అంత గట్టిగానే ఉంచుకో అంటున్నా, అంతే.

ముందు మీ ఆవిడకి చదివి వినిపించు. ఎక్కడ పెదవి బిగించిందో అక్కడ మళ్లీ చూసుకో.

ఐదో తరగతి గ్రూపు ఫోటో నా దగ్గరుంది, ఫ్రేముతో సహా తెస్తాను. ఒక మూల తేమ తగిలి అద్దానికి అతుక్కుంది. ఊడబెరికితే రంగు అద్దానికే ఉండిపోతుంది, విప్పకు. అద్దం మీదే పొడిగుడ్డతో తుడిచి, కిటికీ పక్కన ఎండ నేరుగా పడనిచోట పెట్టి, ఫ్లాష్ లేకుండా కాస్త వాలుగా తీస్తే మెరుపు పడదు. సావనీరులో మొత్తం ఫోటో వెయ్యి. ఒక్క మొహం చుట్టూ గుండ్రంగా గీసే పని పెట్టుకోకు.

మీ అత్తయ్య